చెయ్యి సాయం

ఆ వసంతంలో ఇంత పెద్ద కెనడా దేశం మొత్తం మీద నేను పని చేయడానికి అనుమతి ఉన్న చోటు ఒకే ఒక్కటి. అది కాస్తా ఫిబ్రవరిలో కాలిపోయింది.

రేవు పక్కనుండే చేపల ఫ్యాక్టరీ అది. ఫిలిప్పీన్స్ నుంచి నన్నూ, నాలాంటి ఇంకొందరు ఆడవాళ్లనీ తెచ్చుకున్నది ఆ ఫ్యాక్టరీయే. నా పర్మిట్ మీద దాని పేరే ఉంది: ఈ మనిషి ఈ ఫ్యాక్టరీలో, ఈ పని మాత్రమే చేయవచ్చు. చలికాలంలో కరెంటు తీగల్లో నిప్పు పుట్టి, ఆర్పేసరికి గోడలు మాత్రం మిగిలాయి. నాతో వచ్చినవాళ్లు కొందరు వేరే ఊళ్లలో పని వెతుక్కున్నారు, కొందరు ఇళ్లకు వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. అంతకు ముందు నవంబరులోనే, ఆ ఊళ్లో సొంత పడవున్న ఆల్బాన్‌తో నాకు పెళ్లయింది.

భర్త హామీ మీద శాశ్వత నివాసానికీ, దానితోపాటే ఎక్కడైనా పని చేసుకునే పర్మిట్‌కీ, పాతది ముగియకముందే దరఖాస్తు పెట్టుకున్నాం. జవాబు వచ్చేదాకా దేశంలో ఉండొచ్చు. పని మాత్రం పాత పర్మిట్‌లో రాసిన చోటే చేయాలి. పాత పర్మిట్‌లో రాసిన చోట సముద్రపు కాకులు గూళ్లు కట్టుకుంటున్నాయి.

ఇలా ఉండగా మే నెల వచ్చింది. మా ఊరున్న దీవికి మే నెలంటే పెద్ద డెక్కల సముద్రపు రొయ్యల, అంటే లాబ్‌స్టర్ల సీజన్. వాటిని పట్టే బోన్లు సముద్రంలో వేసే రోజున పొద్దు పొడవకముందే ఊరు ఊరంతా రేవులో ఉంటుంది. పాదిరిగారు వచ్చి పడవల మీద పవిత్ర జలం చల్లుతారు. ఒడ్డున గుట్టలుగా పేర్చిన బోన్లను ఆడా మగా, ముసలీ ముతకా వరసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందిస్తూ పడవల్లోకి చేరుస్తారు. ఆ వరసలో నిలబడనివాళ్లు ఆ ఊరివాళ్లు కానట్టే. నేను కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, వరసకు రెండు మూరల దూరంలో నిలబడ్డాను.

మా అత్తగారు ఓడెట్ వరసలోంచే నన్ను పిలిచింది. రమ్మని ఒకసారి చెయ్యి ఊపింది, తర్వాత గడ్డం ఎగరేసింది, తర్వాత మొహం తిప్పేసుకుంది. పక్క పడవ యజమాని క్లోవిస్‌కు నోటి దురద ఎక్కువ.

"ఏమ్మా కొత్త కోడలా, గోళ్ల రంగు ఇంకా ఆరలేదా?" అన్నాడు.

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. జేబుల్లో నా పిడికిళ్లు మాత్రం బిగుసుకుపోయాయి. నేను పుట్టింది ఫిలిప్పీన్స్‌లోని గియువాన్ తీరంలో. మా నాన్న పడవలో వలకు బెండ్లు కడుతూ పెరిగినదాన్ని. ఆ రేవులో సగం మంది మగాళ్లకన్నా ముడి వేగంగా వేయగలను. ఆ మాట ఎవరికి చెప్పను?

నేను రేవులో చెయ్యి కలపకపోవడానికి కారణం మురియెల్. దీవి రాజధాని షార్లట్‌టౌన్‌లో, దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు సలహాలిచ్చే ఆఫీసులో ఆవిడ పని చేసేది. ముందు రోజు ఫోన్ చేసి అడిగాను: మొగుడి పడవలో పెళ్లాం సాయం చేస్తే తప్పా, జీతం లేకుండా, ఊరికే?

"జీతం తీసుకున్నారా లేదా అన్నది లెక్క కాదమ్మా," అంది మురియెల్. "ఇంకొకరికి డబ్బిచ్చి చేయించుకునే పనిని మీరు ఊరికే చేసినా అది పనే. పర్మిట్ లేకుండా పని చేశారని తేలితే మీ కాగితాలన్నీ చిక్కులో పడతాయి. వెళ్లిపొమ్మన్నా అనొచ్చు. సీజన్ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోకండి."

ఆ రోజు రేవు నుంచి వచ్చాక ఈ మాటే ఓడెట్ అత్తకు చెప్పాను. ఆవిడ రొట్టె మీద బెల్లప్పాకం పోసుకుంటూ చివరిదాకా విని, చెంచా బల్ల మీద పెట్టింది.

"పెళ్లాం పడవెక్కితే అది పనెలా అవుతుంది? నేను ముప్పై ఏళ్లు ఎక్కాను మీ మామతో. ఎరలు కోశాను, బోన్లు లాగాను. కడుపుతో ఉండి కూడా ఎక్కాను. ఒక్కడైనా జీతమిచ్చాడా? ఒక్కడైనా దాన్ని పనన్నాడా? చెయ్యి సాయం అది. మీ మురియెల్‌కు సముద్రం తెలీదు."

నేను వాదించలేదు. మురియెల్‌కు సముద్రం తెలియకపోవచ్చు, ప్రభుత్వం మాత్రం బాగా తెలుసు.

మా పడవలో సాయంగా వెళ్లే మనిషి రేమీ, ఆల్బాన్‌కు పినతండ్రి కొడుకు. సీజన్ రెండో వారంలో తడి చెక్క మీద కాలు జారి పడ్డాడు. భుజం కీలు తప్పింది. ఆ సీజన్‌కు ఇక అతను లేనట్టే. ఊళ్లో చెయ్యి ఖాళీగా ఉన్న మనిషి లేడు. కాలేజీ పిల్లల దగ్గర్నుంచి చర్చిలో గంట కొట్టే ముసలాయన దాకా అందరూ ఏదో ఒక పడవ మీద ఉన్నారు. ఉన్నదల్లా నేనొక్కదాన్నే.

ఆల్బాన్ ఒంటరిగా వెళ్లడం మొదలుపెట్టాడు. మా ఆయన మాటలు తక్కువ మనిషి. సముద్రంలో ఏమైందని అడిగితే "గాలి వేసింది" అంటాడు, అంతే. అలా వెళ్లిన రెండో రోజు ఇంటికొచ్చి బూటు విప్పుతుంటే చూశాను. చీలమండ చుట్టూ తాడు ఒరుసుకుపోయిన గాయం, వాత పెట్టినట్టు ఎర్రగా ఉంది.

అది ఎలా అవుతుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. బోనును నీళ్లలోకి తోసినప్పుడు దానికి కట్టిన తాడు చుట్టలు చుట్టలుగా విప్పుకుంటూ పరుగెడుతుంది. ఆ చుట్టలో కాలు పడితే బోనుతోపాటు మనిషీ వెళ్తాడు. పక్కన రెండో మనిషి ఉంటే తాడు కోస్తాడు. లేకపోతే లేదు.

"రేపు నేను వస్తున్నాను," అన్నాను.

"వద్దు."

"నీ కాలు చూశావా?"

"చూశాను. నీ కాగితాలు గుర్తున్నాయా?" అని బూటు పక్కన పెట్టాడు. "రేవంతా చూస్తుంది జోవీ. చేపల శాఖవాళ్లు వారానికోసారి పడవలెక్కి తనిఖీ చేస్తారు. ఎవరీవిడ అని అడిగితే ఏం చెప్పను?"

"మీ ఆవిడని చెప్పు."

"అదే కదా వద్దంటున్నది."

నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. రెండింటిలో ఏది ఎక్కువో చెప్పలేను. నేను వెళ్తే పట్టుబడి దేశం వదిలి పోవాల్సి రావొచ్చు. వెళ్లకపోతే ఏదో ఒక రోజు పడవ మాత్రమే తిరిగి రావొచ్చు. వంటింట్లో నిలబడి ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆలోచిస్తున్నాను. ఓడెట్ అత్త మా ఇద్దరికీ టీ పోసింది. తర్వాత నేలమాళిగలోకి దిగింది. పైకి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో ఒకప్పుడు తను పడవలో వేసుకున్న పసుపు రంగు రబ్బరు ప్యాంటు ఉంది. మడతల దగ్గర పెచ్చులూడిపోయి ఉంది. పొయ్యి పక్కన కుర్చీ మీద ఆరేసి, భుజాల మీదికి వచ్చే పట్టీలు లాగి చూసుకుంది.

"అమ్మా, నీకు డెబ్బై వస్తున్నాయి," అన్నాడు ఆల్బాన్.

"నన్ను వెళ్లగొట్టే ప్రభుత్వమేదీ లేదు కదా," అంది ఆవిడ.

మర్నాడు చీకటితోనే తల్లీ కొడుకులు బయల్దేరారు. నేను సీసాలో టీ పోసి, గుడ్డు రొట్టెలు చుట్టి ఇచ్చాను. ట్రక్కు వెనక లైట్లు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. సిగ్గుతో నా ఒళ్లంతా కాలిపోయింది. పని చేయడం ఎంత కష్టమో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. చేయకుండా నిలబడటం ఎంత కష్టమో ఆ నెలలోనే తెలిసింది.

ఊరి నోరు ఊరుకుంటుందా? కోఆపరేటివ్ కొట్లో బియ్యం కొంటుంటే బిల్లు కొట్టే ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. నా వెనక వరసలో ఉన్నవాళ్లు నాకు వినపడేంత గట్టిగానే గొణుక్కున్నారు, ముసలావిడ సముద్రంలో ఉంటే పడుచుది ఒడ్డున షికార్లు చేస్తోందని. వెనక్కి తిరిగి అందరికీ నా పర్మిట్ చదివి వినిపించాలనిపించింది. మూట భుజాన వేసుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం పడవ వచ్చే వేళకు రోజూ రేవుకు వెళ్లేదాన్ని. లాబ్‌స్టర్లు కొనేవాళ్ల లారీ వెనక్కి వచ్చి నిలబడేది. ఆల్బాన్ పడవలోంచి పెట్టెలు పైకి అందించేవాడు, అత్త వాటిని లారీ దాకా ఈడ్చేది. నేను చూసేదాన్ని. ఒక రోజు పాచి పట్టిన అంచు మీద నిండు పెట్టె ఒకటి జారి ఆవిడ కాలి మీదికి రాబోయింది. నా చెయ్యి దానంతట అదే వెళ్లి పెట్టెను పట్టేసుకుంది. పట్టుకున్న మరుక్షణం చుట్టూ చూశాను, దొంగతనం చేసినదానిలా. అత్త నా మొహం చూసింది. పెట్టెను నా చేతుల్లోంచి లాక్కుంది.

సాయంత్రాలు ఆవిడ చేతులకు నూనె రాసేదాన్ని. వేళ్ల కణుపులు వాచి అల్లం కొమ్ముల్లా ఉండేవి. కరవకుండా లాబ్‌స్టర్ డెక్కలకు రబ్బరు బ్యాండ్లు వేసి వేసి బొటనవేలు ముడుచుకోవడం మానేసింది. చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. దీనికి అనుమతి అక్కర్లేదా, ఇది పని కాదా అని ఆవిడ నన్ను దెప్పేది. వేరే ఇళ్లలో దీనికి నర్సును పెట్టుకుంటారు కదా అత్తయ్యా, మురియెల్‌ని అడిగి చూస్తానుండు అనేదాన్ని. ఇద్దరం నవ్వేవాళ్లం. ఆ నవ్వులో నొప్పి ఆవిడది, సిగ్గు నాది.

జూన్ మొదట్లో పెద్ద గాలి లేచింది. పడవలన్నీ రేవులోనే కట్టేశారు. ఆల్బాన్ తాళ్లు సరిచూసుకోవడానికి వెళ్లాడు. నేను కొట్టుకు వెళ్లి వచ్చేసరికి ఓడెట్ అత్త వంటింట్లో ఫోన్ పక్కనే కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది. వారాల తర్వాత ఆవిడ మొహంలో అంత సంతోషం చూశాను.

ఇమిగ్రేషన్ నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడట. తమ ఊరి భాషలోనే మాట్లాడాడట, చక్కటి ఫ్రెంచిలో, మర్యాదగా. కొడుకూ కోడలూ ఒకే ఇంట్లో ఉంటున్నారా, వాళ్ల కాపురం ఎలా ఉంది అని అడిగాడట. ఎలా ఉండటమేమిటని ఆవిడకు ఒళ్లు మండిందట. దొంగ పెళ్లిళ్లు చేసే వంశం అనుకుంటున్నాడా మమ్మల్ని?

"గట్టిగానే చెప్పాను వాడికి," అంది. "మా కోడలి లాంటిది ఈ రేవులోనే లేదన్నాను. రోజూ చీకటితో లేచి మావాడితో పడవెక్కుతుంది, వానైనా చలైనా. ఎరలు కోస్తుంది, బోను లాగుతుంది. అంతకన్నా పెళ్లానికి రుజువేం కావాలని అడిగాను. ఇక వాడు నోరెత్తలేదు. అంతా రాసుకున్నాడు."

బియ్యం సంచి బల్ల మీద పెట్టి నేను కూర్చుండిపోయాను.

"నేను ఎక్కలేదు కదా అత్తయ్యా," అన్నాను.

"ఎక్కనిస్తే ఎక్కేదానివే కదా. అబద్ధమెలా అవుతుంది?"

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. రావాల్సింది, రాలేదు. ఆ ఊళ్లో ఒక ఆడదాన్ని పొగడటానికి ఇంతకన్నా పెద్ద మాట లేదు. మొగుడితో పడవెక్కుతుంది అంటే చాలు, మంచి వంశమనీ మంచి మనసనీ వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ తన దగ్గరున్న అతి గొప్ప మాట నాకిచ్చేసింది. ఆ మాటతోనే నన్ను దేశం దాటించే పని కూడా చేసింది.

ఆల్బాన్ వచ్చి విన్నాడు. తల్లి మీద గొంతెత్తడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజూ ఎత్తలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, మళ్లీ ఫోన్ చేసి తప్పు చెప్పానని చెప్పమ్మా అన్నాడు. ఏ నంబరుకు చేయాలి? ఆ అబ్బాయి పేరు కూడా ఆవిడ అడగలేదు. మర్నాడు మురియెల్ ప్రయత్నిస్తానంది. ఈలోపే ఉత్తరం వచ్చింది. మా ఇద్దరినీ షార్లట్‌టౌన్‌కు రమ్మన్నారు, ముఖాముఖి మాట్లాడాలట. పడవలో పని చేసేవారు ఇంకెవరైనా ఉంటే వాళ్లనూ వెంట తీసుకురమ్మని రాశారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా అంది మురియెల్. చెప్పడానికి నాకేం భయం లేదు. కానీ ఉన్నది ఉన్నట్టు చెబితే మా అత్త అబద్ధమాడిందని చెప్పినట్టు. ఆవిడ కాదంటే నేను ఆడానని తేలుతుంది. ఒక ముసలావిడ రోజూ బోన్లు లాగుతోందంటే నమ్మేవాళ్లెవరు? పడుచు కోడలు లాగుతోందంటే ఎవరైనా నమ్ముతారు.

"ప్రభుత్వం ముందు అబద్ధమాడానని ఒప్పుకోమంటావా?" అంది అత్త ఆల్బాన్‌తో. "ఈ వయసులోనా? నేను రాను. అయినా నేనేం పని చేస్తున్నాననిరా? ఊరికే సాయానికి వస్తున్నాను."

ఆ మాటే నన్ను భయపెట్టింది. ఆవిడ మొండితనం కన్నా ఎక్కువ భయపెట్టింది. ఆ గదిలో కూర్చుని ఆవిడ ఇదే మాట అంటే నా పని అయిపోయినట్టే. తనది సాయం మాత్రమేనని ఆవిడ అంటే, అయితే పని చేసేదెవరు అని వాళ్లు నా వైపు తిరుగుతారు.

వెళ్లాల్సిన రోజుకు ముందు రోజు మంచం కింద నుంచి నా ప్రయాణం పెట్టె బయటికి లాగాను. ఏమీ సర్దలేదు. జిప్పు పని చేస్తుందో లేదో చూశాను, అంతే. సగం దూరం వచ్చి ఇరుక్కుంది. కొవ్వొత్తి రుద్ది మళ్లీ లాగుతుంటే గుమ్మంలో అలికిడైంది. ఓడెట్ అత్త ఉతికిన దుప్పట్లు చంకన పెట్టుకుని నిలబడి ఉంది. పెట్టెను చూసింది, నా చేతిలో కొవ్వొత్తిని చూసింది. దుప్పట్లు మంచం మీద పెట్టి వెళ్లిపోయింది.

పొద్దున ట్రక్కు దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ అప్పటికే ఎక్కి కూర్చుని ఉంది. చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకుంది. గుండీలు పెట్టుకోలేదు. నేను ఎక్కి ఆవిడ గుండీలు పెట్టాను.

ఆ గదిలో బల్ల, కుర్చీలు, గోడకు ఒక జెండా, అంతే. ఫోన్ చేసినతనే బల్లకు అవతల కూర్చున్నాడు. నాకన్నా చిన్నవాడు. అతనిలో దుర్మార్గం ఏమీ కనపడలేదు, అందుకే నాకు ఇంకా భయం వేసింది. మొదట నన్నే అడిగాడు. పడవెక్కుతున్నారా? లేదన్నాను. ఒక్కసారి కూడానా? లేదు. పడవకు సంబంధించి దేన్నీ ముట్టుకోలేదా?

"ఒక పెట్టె," అన్నాను. "ఆవిడ కాలి మీద పడబోతుంటే పట్టుకున్నాను."

అది కూడా రాసుకున్నాడు. తర్వాత ఆల్బాన్‌ను అడిగాడు. రేమీ సంగతి, భుజం సంగతి ఆల్బాన్ చెప్పాడు, ఆసుపత్రి చీటీ చూపించాడు. మరి అప్పటినుంచి రెండో మనిషెవరని అడిగితే, మా అమ్మ అన్నాడు. అతను కలం ఆపి, తలుపు పక్కన కూర్చున్న ఓడెట్ అత్త వైపు చూశాడు. ఆ చిన్న మనిషినీ, నీలం కోటునూ, తెల్ల జుట్టునూ చూశాడు. నమ్మలేదని నాకు తెలిసిపోయింది.

దగ్గరికి రమ్మని కుర్చీ చూపించాడు. ఆవిడ వచ్చి కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది.

"మీరు నాతో ఫోన్‌లో వేరేలా చెప్పారు," అన్నాడు ఫ్రెంచిలో. "పడవలో మీ పనేమిటి?"

"నా పనా?" అంది ఆవిడ. అలవాటైన నవ్వు నవ్వింది. "నాదేముంది బాబూ. ఊరికే చెయ్యి సాయానికి వెళ్తాను."

ఆల్బాన్ కళ్లు మూసుకున్నాడు. నేను జెండా వైపు చూస్తూ ఉండిపోయాను.

"అయితే పని చేసేదెవరు?" అన్నాడతను.

ఆవిడ చేతిసంచి కొక్కెం తీసింది, వేసింది, మళ్లీ తీసింది. బొటనవేలు సహకరించక కొక్కెం జారిపోయింది. అతను ఆ వేళ్ల వైపు చూశాడు. ఆవిడ కూడా చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు.

"ఎరలు నేను కోస్తాను," అంది మెల్లగా. "తాడు లాగే చక్రం బోనును పైకి తెచ్చాక మూత తీసేది నేను. చిన్నవాటిని కొలిచి సముద్రంలోకి పారేసేది నేను. గుడ్లున్న ఆడవాటిని తిరిగి నీళ్లలో వదిలేది నేను. బ్యాండ్లు వేసేది నేను. నేనే. ఈ పిల్ల ఒక్క రోజు కూడా ఎక్కలేదు. ఎక్కిందని గొప్ప కోసం చెప్పాను. అబద్ధమే."

"ఇదంతా మీకు కొత్తా?"

"ముప్పై ఏళ్లు చేశాను, మా ఆయన ఉన్నప్పుడు."

"జీతం?"

"జీతమా?" ఆవిడ నా వైపు తిరిగింది. "మీ మురియెల్ ఏమంది ఆ రోజు?"

నేను చెప్పేలోపే బల్ల అవతలివాడే చెప్పాడు. ఇంకొకరికి డబ్బిచ్చి చేయించుకునే పని అయితే, జీతం లేకపోయినా పనిగానే లెక్క వేస్తాం అన్నాడు.

"ఇక్కడ పుట్టినవాళ్లకు కూడానా?"

అతను కొంచెం తికమకపడ్డాడు. పని ఎవరు చేసినా పనేనమ్మా అన్నాడు.

"అయితే అలాగే రాయండి," అంది ఓడెట్ అత్త. "ఓడెట్ గాలాంట్, పడవలో పని."

అతను రాశాడు. రాసినంతసేపూ ఆవిడ ఆ కలం వైపే చూసింది. రాయడం అయ్యాక కాగితం తన వైపు తిప్పమని అడిగి, కళ్లద్దాలు పెట్టుకుని చదివి, తల ఊపింది.

నా సంగతి ఏమైందో అతను ఆ రోజు చెప్పలేదు. పరిశీలిస్తాం, ఉత్తరం వస్తుంది అన్నాడు. నేను రేవులో పట్టుకున్న ఆ పెట్టె మాట ఏమంటారో తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా బంగాళాదుంపల చేలన్నీ కొత్తగా దున్ని ఎర్రగా ఉన్నాయి. ఊరి చర్చి గోపురం కనపడే చోటికి వచ్చాక అత్త నోరు విప్పింది.

"ఆల్బాన్, మరి నా వాటా?"

ఆల్బాన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఏ సీజన్‌దమ్మా?" అన్నాడు.

"ముందు ఈ సీజన్‌ది ఇవ్వు. మీ నాన్న బాకీ సంగతి పైకి వెళ్లాక ఆయన్నే అడుగుతాను."

నేను ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఆవిడ సంచిలోంచి రుమాలు తీసి, నా వైపు చూడకుండానే అందించింది.

తర్వాతి రోజుల్లో ఎప్పటిలాగే వాళ్లిద్దరూ సముద్రానికి వెళ్లారు, నేను ఒడ్డున నిలబడ్డాను. పోస్టు వ్యాన్ చప్పుడైతే చాలు, గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. నా ప్రయాణం పెట్టె మంచం కిందికి తోయలేదు, గోడకు ఆనించే ఉంచాను. కొట్లో బిల్లు కొట్టే ఆవిడ ఒక రోజు ఉన్నట్టుండి బియ్యం మూట మా ట్రక్కు దాకా తెచ్చి పెట్టింది. ఓడెట్ అత్త ఆదివారం చర్చి మెట్ల మీద ఏదో చెప్పి ఉంటుంది. ఏం చెప్పావని నేను అడగలేదు.

బోన్లన్నీ తిరిగి ఒడ్డుకు తెచ్చే ఆఖరి వారంలో పర్మిట్ వచ్చింది. ఎక్కడైనా, ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు. శాశ్వత నివాసం ఇంకా రాలేదు, దానికి మళ్లీ చలికాలం గడవాల్సి వచ్చింది. అప్పటికి ఈ కాగితం చాలు. దాన్ని మడిచి బ్రెడ్డు కవర్లో చుట్టి, నా రబ్బరు ప్యాంటు లోపలి జేబులో పెట్టుకున్నాను. కొత్త ప్యాంటు అది. అత్త తనది నాకివ్వలేదు. నాకూ పనుంది కదా అంది.

ఆ పొద్దున ముగ్గురం పడవెక్కాం. క్లోవిస్ తన పడవ మీంచి చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏంటి ఓడెట్, మొత్తానికి కోడలు సాయానికి వచ్చిందే!"

"సాయానికి కాదు," అంది మా అత్త తాడు విప్పుతూ. "పనికి. మేమిద్దరం పనికే వచ్చాం."

బయట సముద్రం మామూలుగానే ఉంది. మా బోన్ల గుర్తుగా తేలే మొదటి బెండు దగ్గర ఆల్బాన్ ఇంజన్ తగ్గించాడు. చక్రం తిరిగింది, తాడు వచ్చింది, నీళ్లు కారుతూ బోను అంచు మీదికి లేచింది. నేను రెండు చేతులతో పట్టి లోపలికి లాగాను. బాగా బరువుంది. ఈసారి చుట్టూ చూడలేదు.